జేకబు రీసు

ఐరోపా ఖండమున ఉత్తర భాగమునందు డెన్మార్కు అను చిన్న దేశము కలదు. ఆ దేశపు పడమటి తీరమున రీబె అను పురాతన పట్టణమున్నది. ఎత్తైన గోపురముగల క్రైస్తవ దేవాలయము, రాళ్ళు పఱచిన ఇరుకు వీథులు, ఊరి వెలుపల కనుచూపుమేర పచ్చికబయళ్ళు, తుపాను లేచినపుడు ఆ బయళ్ళను ముంచి ఊరిదాక వచ్చు సముద్రము, ఇదియే ఆ యూరి స్వరూపము. 1849వ సంవత్సరము మే నెల 3వ తేదీన జేకబు రీసు అచట జన్మించెను. తండ్రి పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఊరి వార్తాపత్రికకు వ్యాసములును వ్రాయుచుండెడివాడు. బడిపంతుల జీతము ఏ దేశమునందును పెద్దది కాదు. ఆ యింట సొంతబిడ్డలు పదునలుగురు, పెంచుకొన్న బాలిక యొకతె. వారిలో జేకబు మూడవవాడు.

అంతమంది పిల్లలతో కళకళలాడిన ఆ యిల్లు త్వరలోనే బోసిపోయెను. ఒక తమ్ముడు నీట మునిగి మరణించెను. తక్కినవారిని క్షయవ్యాధి వెదకి వెదకి పట్టుకొనెను. జేకబు సోదరులలో ఆరుగురు ఆ యొక్క వ్యాధికే బలియైరి. ఇరువదవ శతాబ్దము ప్రవేశించునాటికి ఆ పదునైదుగురిలో మిగిలినవారు మువ్వురు మాత్రమే. ఆ దినములలో క్షయ ఎందువలన వచ్చునో వైద్యులకు సైతము నిశ్చయముగా తెలియదు. అది వంశములో వచ్చు దోషమని పెక్కురు నమ్మిరి. అది వంశదోషము కాదనియు, కంటికి కానరాని యొక సూక్ష్మజీవి వలన కలుగు అంటువ్యాధి యనియు జర్మనీ దేశీయుడైన రాబర్టు కాక్ అను వైద్యుడు 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన లోకమునకు వెల్లడించెను. అప్పటికి జేకబు ముప్పదిరెండేండ్లవాడై, సముద్రములకు ఆవలనుండెను.

బాల్యమునుండియు ఆతనికి పేదల యిండ్లపై చూపు నిలిచెను. రీబె పట్టణమున మురికి కాలువ ప్రక్కన పాడుబడిన యిల్లొకటి యుండెను. అందు పేదకుటుంబములు ఎలుకలతో కాపురముండెడివి. పండ్రెండేండ్లైన నిండని జేకబు క్రిస్మసు పండుగనాడు తనయొద్దనున్న డబ్బంతయు తీసికొనిపోయి అందలి యొక కుటుంబమునకిచ్చెను. ఊరకే యీయలేదు. ఇల్లు కడిగి శుభ్రము చేసికొనవలెనని కట్టడి పెట్టి మఱి యిచ్చెను. ఆ కుటుంబమువారు డబ్బు పుచ్చుకొని మాట నిలుపుకొనిరి. సంగతి విని తల్లి కోపింపలేదు సరిగదా, తానును వెళ్ళి వారికి సాయపడెను. బిడ్డలు చేసిన మంచిపనికి పెద్దలు చేయి కలుపుట ఎంత బలమిచ్చునో ఉపాధ్యాయులమైన మేము ఎఱుగుదుము.

తండ్రి తన కుమారుడు విద్వాంసుడు కావలెనని కోరెను. కుమారుడు వడ్రంగము నేర్చుకొనెను. పని నేర్చి వచ్చిన పిదప, తాను పనిచేసిన మిల్లు యజమాని యింటి బాలిక ఎలిజబెత్తును వివాహమాడ గోరెను. ఆ సంబంధము అటువారికి సమ్మతము కాలేదు. ఊరిలో పనియు చాలినంత దొరకలేదు. అందువలన 1870వ సంవత్సరమున, ఇరువదియొక్కయేండ్ల ప్రాయమున, జేకబు ఓడయెక్కి అమెరికా దేశమునకు బయలుదేరెను. స్నేహితులు చందా వేసికొని యిచ్చిన 40 డాలర్లును, ఎలిజబెత్తు తల్లి జాలిపడి యిచ్చిన బంగారు లాకెట్టును ఆతని ఆస్తి. ఆ లాకెట్టులో ఎలిజబెత్తు తలవెండ్రుక లుండెను. జూను 5వ తేదీన ఆతడు న్యూయార్కు రేవున దిగెను. దిగినవెంటనే సగము డబ్బు పెట్టి రివాల్వరు నొకదానిని కొనెనట! అమెరికాలో వీథులందే అడవి మృగములును దొంగలును తిరుగుదురని ఆతడు తలచెను కాబోలు.

ఆతనిని తినవచ్చిన మృగము వేఱు. అది ఆకలి. గుడిసెలు కట్టెను, బొగ్గుగనిలో దిగి ఒక్కదినము పనిచేసెను, ఇటుకల ఆవమున కూలియాయెను. అంతలో ఫ్రాన్సునకును జర్మనీకిని యుద్ధము వచ్చెనని విని, సైన్యమున చేరదలచి, ఉన్నదంతయు తాకట్టు పెట్టుకొని న్యూయార్కునకు పరుగెత్తెను. అచట సైన్యమున చేర్చుకొనువారు లేరు. చేత పైసా లేదు. తలదాచుకొన చోటు లేదు. కొన్నాళ్ళు శ్మశానమున సమాధిరాళ్ళపై పండుకొనెను. తోటలలో రాలిన ఆపిలుపండ్లు ఏఱుకొని తినెను. గొప్పవారు భుజించు హోటలొకదాని పెరటివాకిట వంటవాడు దయతలచి పెట్టిన రొట్టెముక్కలతో కొన్ని రాత్రులు గడిపెను. శరత్కాలపు వానలు మొదలు కాగానే ఆరుబయట నిద్రించుట సాధ్యము కాకపోయెను.

ఇచట ఆ నగరపు ఏర్పాటు నొకదానిని గూర్చి చెప్పవలెను. ఆ దినములలో న్యూయార్కున నిలువనీడ లేనివారు రాత్రివేళ పోలీసు ఠాణాలలో పండుకొనవచ్చును. ఠాణా నేలమాళిగలోనో వెనుకవైపుననో ఒక గది యుండెడిది. పఱుపు లేదు, దుప్పటి లేదు, అన్నము లేదు. వరుసగా పఱచిన పలకలే పడక. పలకలు చాలనివారు రాతినేలపై కాగితములు పఱచుకొందురు. పనిదొరకక వచ్చిన యువకుడును, తాగుబోతును, దగ్గుచు నెత్తురు కక్కు వృద్ధుడును, జ్వరముతో వణకు బిచ్చగాడును ఒకరి ప్రక్క నొకరు, ఒకరి యూపిరి నొకరు పీల్చుచు తెల్లవారు దాక పడియుండవలసినదే. చలికి తలుపులు బిగించెదరు. కిటికీ తెఱచిన తక్కినవారు తిట్టుదురు.

అక్టోబరు మాసమున వాన కురియుచున్న యొక రాత్రి జేకబు తడిసి ముద్దయై చర్చి వీథిలోని ఠాణాకు పోయెను. ఆతని వెంట చిన్న వీథికుక్క యొకటి యుండెను. కొన్ని గంటల ముందు చీకటిలో అది తనంత తాను వచ్చి ఆతని ఒడిలో మూతి పెట్టెను. లోకమున తన్ను కోరి వచ్చిన ప్రాణి అదియొక్కటే యని జేకబు దానిని విడువలేదు. ఠాణావారు కుక్కను లోనికి రానీయలేదు. అది గుమ్మము వెలుపల వానలో కాచుకొని యుండెను. అర్ధరాత్రివేళ జేకబు మేల్కొని మెడ తడవి చూచుకొనగా లాకెట్టు లేదు! నిద్రలో ఎవరో దారము కోసి దొంగిలించిరి. ఆతడు పై యధికారితో మొఱపెట్టుకొనెను. ఇటువంటి బికారికి బంగారు లాకెట్టు ఎక్కడిది, ఇది యెచటనో దొంగిలించి తెచ్చినదేయని యా యధికారి తిట్టి, ఆతనిని బయటికి గెంటుమని ద్వారపాలకుని కాజ్ఞాపించెను. తన యజమానిని తన్నుకొనుచు ఈడ్చుకొనివచ్చుట చూచి ఆ చిన్నకుక్క ద్వారపాలకుని కాలు పట్టుకొనెను. వాడు దానిని వెనుకకాళ్ళు పట్టి యెత్తి మెట్లకేసి కొట్టి చంపెను.

జేకబు పిచ్చివానివలె ఠాణాపై రాళ్ళు రువ్వెను. పోలీసువారు ఆతనిని పట్టుకొనిపోయి పడవరేవున వదలిరి. ఆతడు నడచి నడచి ఫిలడెల్ఫియా నగరము చేరెను. అచటి డెన్మార్కు దేశపు కాన్సలు ఆతనిని ఇంటికి తీసికొనిపోయి అన్నము పెట్టి ఆదరించెను. ఆ రాత్రి చూచినది మాత్రము జేకబు మఱవలేదు. పగ తీర్చుకొందునని నిశ్చయించెను. ఆ పగ మనుష్యునిపై కాదు, ఆ గదిపై.

తరువాతి కొన్నేండ్లు వేగముగా గడచినవి. వడ్రంగము చేసెను, ఇస్త్రీపెట్టెలు మోసి అమ్మెను, 1873 మొదలుకొని వార్తాపత్రికలలో పనిచేసెను. ఒక చిన్న పత్రికను కొని, అప్పు తీర్చి, లాభమునకు అమ్మెను. ఎలిజబెత్తు నుండి అనుకూలమైన లేఖ రాగా 1876లో స్వదేశమునకు పోయి ఆమెను వివాహమాడి తోడ్కొని వచ్చెను. 1877లో ట్రిబ్యూను అను పత్రికలో పోలీసు వార్తలు సేకరించు విలేకరి యుద్యోగము లభించెను. న్యూయార్కు పోలీసు ప్రధాన కార్యాలయము మల్బరీ వీథిలో నుండెను. దాని కెదురుగానే రీసు కచ్చేరి. ఎవరి బట్టలతో వానలో వీథిపాలు చేయబడెనో, వారి గడపలోనే రీసు ఇకమీద పగలును రాత్రియు మసలెను.

రాత్రి పని ముగించుకొని తెల్లవారుజామున ఆయన నడచిపోవు దారి ఆ నగరమునందలి పేదల పేటలగుండ సాగెడిది. ఆ పేటలందలి యిండ్లను మీరు ఊహింపవలెనన్న ఒక పొడుగాటి అగ్గిపెట్టెను తలచుకొనుడు. ఇరువదియైదడుగుల వెడల్పుగల స్థలమున అయిదారు అంతస్తుల మేడ. ప్రక్కమేడ దీనికి ఆనుకొనియే యుండును. ముందు గదికొక కిటికీ, వెనుక గదికొక కిటికీ. నడుమనున్న గదులకు గాలియు లేదు, వెలుతురును లేదు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము. అందులోనే వంట, అందులోనే బట్టలు కుట్టుట, చుట్టలు చుట్టుట. అది చాలక, ఇల్లులేనివారిని రాత్రికి అయిదు సెంట్ల చొప్పున నేలపై పండుకొననిచ్చి అద్దె పూర్తిచేసికొనువారు. పదుమూడడుగుల పొడవైనను వెడల్పైనను లేని యొక గదిలో స్త్రీలును పురుషులును కలిసి పండ్రెండుగురు నిద్రించుచుండుట రీసు స్వయముగా చూచెను.

క్షయక్రిమికి ఇంతకంటె అనుకూలమైన చోటు లేదు. రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు, గట్టిగా మాటలాడినపుడును ఆ క్రిములు సన్నని తుంపరలతో గాలిలో కలియును. గాలి వీచు చోట అవి చెదరిపోవును; ఎండ తగిలిన చచ్చును. చీకటి గదిలోనైతే గంటలకొలది గాలిలోనే తేలుచుండును. ఆ గాలిని పీల్చిన ప్రతివానికిని రోగము రాదు. శరీరమున సత్తువ యున్నచో క్రిమి అణగియుండును. తిండిచాలక, నిద్రచాలక, చలికి వణకుచు డస్సియున్న వానిలో అది విజృంభించును. ఒక్క మాటలో చెప్పవలెనన్న, నిలువనీడ లేనివానికి క్రిమి సోకు అవకాశమును ఎక్కువ, సోకినదాని నెదిరించు శక్తియు తక్కువ.

రీసు వీనిని గూర్చి పత్రికలలో వ్రాసి వ్రాసి విసిగెను. చదువరులు నమ్మరు, నమ్మినను మఱచిపోవుదురు. కంటితో చూపిననేగాని పని జరుగదని ఆయనకు తోచెను. చీకటి గదులను ఛాయాచిత్రము తీయుట ఎట్లు? 1887లో జర్మనీయందు మెగ్నీషియము పొడిని మండించి క్షణకాలపు వెలుగుతో చీకటిలో చిత్రములు తీయు ఉపాయము కనిపెట్టిరని ఆయన పత్రికలో చదివెను. వెంటనే నగర ఆరోగ్యశాఖలోని వైద్యమిత్రుని, మఱి యిద్దఱు ఔత్సాహికులను వెంటబెట్టుకొని రాత్రులందు బయలుదేరెను. మొదట ఆ పొడిని తుపాకివంటి పనిముట్టుతో పేల్చెడివారు. అర్ధరాత్రి తుపాకులతో దిగిన యీ గుంపును చూచి జనులు కిటికీలనుండి దుమికి పాఱిపోవుచుండిరి. అందువలన రీసు ఇంటిలోని వంటపెనమును తెచ్చి, దానిపై పొడిపోసి మండింప సాగెను. ఈ పెనము వలన ఆయన రెండుమార్లు ఇండ్లకు నిప్పంటించెను. ఒకమాఱు తన బట్టలకే అంటించుకొనెను. ఒక గ్రుడ్డివారి బసలో గోడకు నిప్పంటుకొనగా కోటు విప్పి కొట్టి యార్పి, వణకుచు వీథిలోని పోలీసుతో చెప్పెను. వాడు పకపక నవ్వెనట. ఆ యింటి గోడల మురికి యెంత దట్టమన, నిప్పు సైతము అందు నిలువదని వాని భావము!

ఆ చిత్రములను తెరపై చూపుచు రీసు ఊరూర ఉపన్యాసములిచ్చెను. 1890లో వానితో కూడిన ఆయన గ్రంథము వెలువడెను. నగరములోని సగముమంది ఎట్లు బ్రదుకుచున్నారో తక్కిన సగమునకు తెలుపుట దాని యుద్దేశము. ధనికులు తమ యింటికి మైలు దూరమున నున్న లోకమును మొదటిసారి చూచి నివ్వెఱపోయిరి. ఆ గ్రంథమున దోషములు లేకపోలేదు. చీనావారిని, ఇటలీవారిని, యూదులను గూర్చి ఆయన వ్రాసిన మాటలలో కొన్ని నేడు చదువ మనసొప్పదు. జాతినిబట్టి గుణమును నిర్ణయించు ఆ కాలపు దురలవాటు ఆయనకును ఉండెను. పని చేయక తిరుగు దిమ్మరులయెడ ఆయనకు కనికరమును తక్కువే. తానే దిమ్మరియై తిరిగినవాడు అట్లేల తలచెనో! బహుశః తాను బయటపడినట్లే అందఱును బయటపడగలరని నమ్మెనేమో. క్షయక్రిమి మాత్రము మంచి పేద, చెడ్డ పేద యని తారతమ్యము చూడదు.

ఆ గ్రంథమును చదివి థియొడోరు రూజ్వెల్టు అను యువరాజకీయవేత్త రీసు కచ్చేరికి వచ్చెను. ఆయన లేనందున, పుస్తకము చదివితిననియు, సాయపడుటకు వచ్చితిననియు చీటి వ్రాసి పెట్టి వెళ్ళెను. తరువాతి కాలమున అమెరికా దేశాధ్యక్షుడైన రూజ్వెల్టు ఈయనయే. 1895లో రూజ్వెల్టు న్యూయార్కు పోలీసు సంఘమున కధ్యక్షుడాయెను. ఇద్దఱును రాత్రులందు కాలినడకను నగరము చుట్టివచ్చుచు, నిద్రపోవు పోలీసులను పట్టుకొనుచుండిరి. అట్టి యొక రాత్రి, రెండుగంటల వేళ, రీసు ఆయనను చర్చి వీథిలోని ఠాణాకు తోడ్కొనిపోయెను. ఇరువదియైదేండ్ల క్రిందటి గది అట్లే యున్నది. పలకలును అట్లే యున్నవి. మెట్లపై నిలిచి రీసు తన లాకెట్టు కథను, కుక్క కథను చెప్పెను. రూజ్వెల్టు ముఖము కోపముతో జేవురించెను. రేపే వీనిని మూయించెదనని ఆయన మాట యిచ్చెను. వెనుక 1892-93లో నగరమున టైఫస్ జ్వరము చెలరేగినప్పుడే ఇట్టి గదులు అంటురోగముల కాకరములని రీసు చిత్రములతో వైద్యులకు చూపియుండెను. అపుడు ఫలితము లేకపోయెను. 1896 ఫిబ్రవరిలో ఆ గదులన్నియు మూయబడినవి. రీసు పగ తీరెను.

పగ తీరెనుగాని సమస్య తీరెనా? ఆ గదులలో పండుకొనువారు ఆ రాత్రినుండి ఎచట పండుకొనవలెను? చెడ్డ తలుపును మూయుట ఒక యుత్తరువుతో అగును. మంచి తలుపును తెఱచుటకు ఏండ్లు పట్టును. నగరమువారు మొదట నదీతీరమున ఒక పెద్ద పడవలో పడకలు ఏర్పఱచిరి. పెక్కుమంది అద్దెకిచ్చు చవుక సత్రములకు చేరిరి. అందును ఇఱుకే, అందును క్షయయే. వేడినీటి స్నానము, బట్టలను ఆవిరిలో శుద్ధిచేయుట, వైద్యుని పరీక్ష గల నగరసత్రమునకు తగిన క్రొత్త భవనము 1909లోగాని రాలేదు. ఈ నడుమ గడచిన శీతకాలములు వీథిలోనివారికి ఎట్టివో రీసు గ్రంథములలో అంతగా కానరాదు. ఆయన జీవితమున ఇదియొక లోటుగా నాకు తోచును.

ఇండ్ల విషయమున ఆయన యెడతెగక పోరాడెను. దొంగలకును రోగములకును పేరుపడ్డ మల్బరీ వంక యను పేటను పడగొట్టించి, 1897లో అచట పిల్లలు ఆడుకొను ఉద్యానవనము వేయించుటకు కారకుడాయెను. తెఱవక ముందొకనాడు ఆయన అచటి క్రొత్త పచ్చికపై సంతోషముతో నడచుచుండగా, పోలీసొకడు వెనుకనుండి వచ్చి కఱ్ఱతో వీపున ఒకటి చఱచి పచ్చిక దిగుమనెను. ఆ పచ్చిక ఎవరి వలన మొలచెనో వానికేమి తెలియును? ప్రారంభోత్సవ దినమున వేదికపై ఉపన్యసించుటకు ఆయనను పిలువలేదు. జనులలో నిలిచి చూచెను. 1897లోనే నగర ఆరోగ్యశాఖ ప్రతి క్షయరోగి పేరును వైద్యులు తప్పక తెలుపవలెనని శాసించెను. 1901లో వచ్చిన చట్టము వలన ఇకమీద కట్టు అద్దెయిండ్లలో ప్రతి గదికిని బయటిగాలి వచ్చు కిటికీ యుండవలసి వచ్చెను. అప్పటికి ఆ నగరమున కిటికీలేని లోపలిగదులు 3,50,000కు పైగా నుండెనన్నచో, ఆ చట్టము ఎంత ఆలస్యముగా వచ్చెనో ఊహింపవచ్చును.

డెన్మార్కున ఐనార్ హోల్బెల్ అను తపాలా యుద్యోగి యుండెను. క్రిస్మసు పండుగకు కట్టలు కట్టలుగా వచ్చు ఉత్తరములను చూచి, ఒక్కొక్క దానిపై తపాలాబిళ్ళతోపాటు కాసువిలువగల మఱియొక బిళ్ళ అంటించినచో క్షయరోగులగు పిల్లలకు ఆసుపత్రి కట్టవచ్చునని ఆతనికి తోచెను. 1904లో ఆ బిళ్ళలు మొదట అమ్మబడినవి; ఆ యేడే 40 లక్షలకు పైగా చెల్లినవి. స్వదేశమునుండి వచ్చిన యొక యుత్తరముపై ఆ బిళ్ళ రీసు కంటబడెను. ఆరుగురు సోదరులను క్షయకు పోగొట్టుకొన్నవాని కది వట్టి కాగితముగా కనబడునా? 1907లో ఆయన ఒక వారపత్రికలో దానిని గూర్చి వ్యాసము వ్రాసెను. డెలవేరు రాష్ట్రమున ఎమిలీ బిస్సెల్ అను మహిళ దానిని చదివెను. అచటి చిన్న క్షయచికిత్సాలయ మొకటి 300 డాలర్లు లేక మూతపడ సిద్ధముగా నుండెను. ఆమె అప్పుచేసి 50,000 బిళ్ళలు అచ్చువేయించి, డిసెంబరు 7వ తేదీనుండి ఒక్కొక్కటి ఒక సెంటునకు అమ్మెను. 300 డాలర్లు కోరగా 3,000 డాలర్లు వచ్చెను. మఱుసటి యేడు దేశమంతట ఈ బిళ్ళల అమ్మకము సాగెను.

విద్యార్థులారా, ఈ బిళ్ళలు మన దేశమునకును వచ్చినవి. భారత క్షయ నివారణ సంఘము 1950 నుండి గాంధీజయంతినాడు వీని విక్రయము నారంభించుచు వచ్చెను. నేను ఉపాధ్యాయుడనై యున్నపుడు పాఠశాలలలో పిల్లలు తలకొక బిళ్ళ కొని పుస్తకముల యట్టలపై అంటించుకొనెడివారు. అది డెన్మార్కు తపాలాగుమాస్తా తలపు అనియు, దానిని సముద్రము దాటించినవాడు రీసు అనియు మాలో నెవ్వరికిని తెలియదు. డెన్మార్కునకును మన తెలుగునేలకును ఈ విషయమున మఱియొక బంధమును కలదు. 1912లో మదనపల్లెలో క్షయరోగుల సేవ నారంభించి, ఆ యూరి చేరువ ఆరోగ్యవరమను పేర దక్షిణదేశమున ప్రసిద్ధికెక్కిన చికిత్సాలయమును పెంచిన ఫ్రిమోట్ మోలరు అను వైద్యుడు డెన్మార్కు దేశీయుడే.

రీసు కాలమున క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి—ఈ మూడే చికిత్స. అవి మూడును ఇల్లులేనివానికి అందని పండ్లు. పిమ్మట మందులు వచ్చినవి. చికిత్సాలయమున చేరకయే, పేదలు తమ యింటనే యుండి క్రమముగా మందులు పుచ్చుకొనినను అట్లే నయమగునని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో లోకమునకు ఋజువు చేసెను. నేడు సాధారణముగా ఆఱునెలల మందుతో క్షయ పూర్తిగా కుదురును. ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షయు మందును ఉచితము. ఐనను లోకమునందలి క్షయరోగులలో ఇంచుమించు నాలుగవవంతు మన దేశమున నున్నారు. ఇంటనే యుండి మందు పుచ్చుకొనవలెనన్నప్పుడు ఇల్లే లేనివాడు ఏమి చేయవలెను? రైలునిలయపు అరుగుపై, వంతెన క్రింద, మూసిన అంగడి ముందు నిద్రించువాడు మందులను ఎచట దాచుకొనును? ఒకనాటి రాత్రి దొంగతనమునకో, వానకో, తరిమివేతకో ఆ పొట్లము పోవును. నడుమ మందు మానినచో రోగము తిరుగబెట్టుటయే గాక, ఆ మందులకు లొంగని మొండిక్రిమి పుట్టవచ్చును. రెండువారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫములో నెత్తురు—ఈ గుర్తులున్నవాడు మన యింటనున్న యెడల అమ్మ గుర్తించును. అరుగుపై నున్నవానిని గుర్తించువారెవరు?

రీసు 1901లో స్వీయచరిత్రమును వ్రాసెను. అందును ఆ కుక్కకు చోటిచ్చెను. లాకెట్టు మాత్రము ఆయనకు మరల దొరకలేదు. ఎలిజబెత్తు 1905లో మరణించెను. రెండేండ్లకు ఆయన మరల వివాహమాడెను. గుండెజబ్బు బాధించుచున్నను బండ్లెక్కి రైళ్ళెక్కి చిత్రములు చూపుట మానలేదు. చివరకు మసాచుసెట్సు రాష్ట్రమున బారె అను గ్రామమువద్ద పొలమొకటి కొని, నగరపు చీకటిగదులకు దూరముగా చెట్లు నాటుచు కాలము గడిపెను. 1914వ సంవత్సరము మే 26వ తేదీన ఆ యింటనే కన్నుమూసెను. ఆ యూరి శ్మశానవాటికలో ఆయన సమాధిపై ఒక పెద్ద గండశిలను ఉంచిరి. దానిపై పేరుగాని, తేదీగాని చెక్కలేదు.